బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? విశాఖలో బొమ్మలు వేసేవాళ్లను తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై రెండేళ్లుగా విశాఖలోనే బొమ్మలు వేస్తున్నాను. శని, ఆదివారాల్లో మా డాబా మీద పిల్లలకీ పెద్దలకీ నేర్పుతాను. క్లాసుకు కొత్తగా వచ్చినవాళ్లు, బీచ్ రోడ్డులో స్కెచ్ వేస్తుంటే వెనక నిలబడి చూసేవాళ్లు, పెళ్లిళ్లలో కలిసే బంధువులు అందరూ దాదాపు ఇవే అడుగుతారు. నిలబడి మాట్లాడేటప్పుడు సగం జవాబే చెప్పగలుగుతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాశాను.

ఏం వేయాలన్న ఆలోచన మీకు ఎలా వస్తుంది?

ముందు ఆలోచన వచ్చి, తర్వాత బొమ్మ రావడం నా విషయంలో చాలా తక్కువ. ముందు కంటికి ఏదో తగులుతుంది. డాబా పిట్టగోడ మీద ఆరేసిన చీర నీడ కావచ్చు, బస్సు కిటికీ మీద ఎండిపోయిన వాన చారలు కావచ్చు. అది ఎందుకు తగిలిందో అప్పుడు తెలియదు. గీస్తుంటే తెలుస్తుంది.

ఒక్కసారి చూస్తే చాలదు. ఈ మాట ఈ పేజీలో మళ్లీ మళ్లీ వస్తుంది, ఎందుకంటే నాకు తెలిసినదంతా ఇదే: ఒకే చోటికి పదిసార్లు వెళ్లినవాళ్లకి దొరికేది, పది చోట్లకి ఒక్కోసారి వెళ్లినవాళ్లకి దొరకదు. ఫ్రాన్స్‌లో క్లాడ్ మోనే 1890, 91 సంవత్సరాల్లో తన ఇంటి దగ్గర పొలంలోని గడ్డివాములనే సుమారు 25 బొమ్మలు వేశాడు. వెలుతురు మారినప్పుడల్లా కాన్వాస్ మార్చేవాడు. గడ్డివాము మన ఊళ్లలో ఎవరూ తల తిప్పి చూడని వస్తువు. ఆయనకి అది ఒక ఏడాది పని అయింది.

విశాఖలో ఉన్నారు కాబట్టి సముద్రమే మీకు ప్రేరణా?

అవును. అయితే క్యాలెండర్‌లో కనిపించే సముద్రం కాదు.

మన తీరం తూర్పు ముఖంగా ఉంటుంది. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నిలబడితే సూర్యుడు ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. అప్పుడు తెప్పలు, మనుషులు, డాల్ఫిన్ నోస్ కొండ అన్నీ నల్లటి ఆకారాలే. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ మన వీపు వెనక నుంచి, కొండల వైపు నుంచి పడుతుంది. పొద్దున నల్లగా కనిపించిన తెప్పకి అప్పుడు రంగులు బయటపడతాయి. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి దిగిపోయాక నీటి మీద ఆకాశం వెలుగు మాత్రమే మిగులుతుంది, బూడిద రంగులో కాస్త గులాబీ కలిపినట్టు. సముద్రంలో సూర్యుడు అస్తమిస్తున్నట్టు బొమ్మ వేసి తెచ్చే పిల్లలు మా క్లాసులో ప్రతి ఏడాదీ ఉంటారు. తప్పు అనను. "ఆ రోజు నువ్వు ఎటు తిరిగి నిలబడ్డావు నాన్నా?" అని అడుగుతాను. తర్వాతి ఆదివారం వాళ్లే వెళ్లి చూసి వస్తారు.

సముద్రం కంటే నాకు ఎక్కువ నేర్పింది ఫిషింగ్ హార్బర్. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి. మరమ్మతులు, రంగులు అన్నీ అప్పుడే. ఒక వేసవిలో ఒడ్డుకి లాగిన పాత చెక్క బోటు ముందు నెల రోజులు పొద్దున్నే కూర్చున్నాను. ఇద్దరు కుర్రాళ్లు పాత రంగు గీకుతున్నారు. పైన నీలం, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద పసుపు, మళ్లీ నీలం, అట్టడుగున ఇటుక రంగు ప్రైమర్. రాలిన పెచ్చు ఒకటి ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. గోరంత పెచ్చు. అంచున పొరలు పుస్తకం పేజీల్లా ఉన్నాయి. లెక్కపెడితే తొమ్మిది. ప్రతి పొర కిందా ఒక వేట కాలం ఉంది, ఆ ఏడాది ఆ ఇంటి మంచి చెడ్డలు ఉన్నాయి.

అప్పటి నుంచి నా పని పద్ధతే మారిపోయింది. కాన్వాస్ మీద ఒక రంగు వేసి, ఆరనిచ్చి, దాని మీద ఇంకోటి వేసి, చాకుతో గీకి కింది రంగుని పైకి తెస్తాను. స్టైల్ కోసం వెతికి పట్టుకున్నది కాదు, ఆ పెచ్చు ఇచ్చింది.

ఆ బోటు ముందే ఇంకో పాఠం కూడా. నేను వేసిన స్కెచ్ చూసి ఒక పెద్దాయన, "సరుకుతో వచ్చే బోటు నీట్లో అంత ఎత్తుగా నిలబడదమ్మా, కిందికి దిగిపోద్ది" అన్నారు. నిజమే. నేను గట్టు మీది బోటుని చూసి నీళ్లలో పెట్టేశాను. చేసేవాళ్లకి తెలిసినంత చూసేవాళ్లకి తెలియదు. అందుకే ఇప్పుడు ఏ పని గీసినా ఆ పని చేసేవాళ్లకే ముందు చూపిస్తాను.

సముద్రం కాకుండా ఈ చుట్టుపక్కల ఇంకేం ఉన్నాయి?

నన్నడిగితే ముందు ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి వెళ్లే దారిలో ఉన్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వేల ఏళ్లుగా గాలి, నీరు తెచ్చి పోసిన ఇసుక అది. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పట్టినట్టు పట్టి ఎర్రబడింది. వాన నీళ్లు కోసుకుంటూ పోయిన లోయల్లో నిలబడితే రెండు పక్కలా ఎర్రటి గోడలు, పైన నీలం ఆకాశం, కాస్త దూరంలో సముద్రం. అంత ఎరుపు పక్కన చెట్ల ఆకుపచ్చ నల్లగా కనిపిస్తుంది. రంగు పక్కన రంగు పెడితే రెండూ మారతాయని పుస్తకంలో చదివితే నాకు అర్థం కాలేదు, అక్కడ నిలబడితే ఒక్క నిమిషంలో అర్థమైంది.

మన అమ్మమ్మలు గుమ్మాల ముందు అలికి ముగ్గు పెట్టిన ఎర్రమన్నుకి, రంగు ట్యూబు మీద రెడ్ ఆక్సైడ్ అని రాసి ఉండే రంగుకి ఎరుపు ఇచ్చేది ఒకటే, ఇనుము. కానీ దయచేసి దిబ్బల నుంచి గుప్పెడు మట్టి కూడా తీసుకు రావద్దు. ఇప్పటికే అవి చాలా దెబ్బతిన్నాయి. చూసి, స్కెచ్ వేసుకుని రండి.

తర్వాత సింహాచలం. అప్పన్న స్వామి ఏడాదంతా చందనం పూతలో ఉంటారు. వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. భక్తి సంగతి ఎవరిది వాళ్లది. బొమ్మలు వేసేవాళ్లకి మాత్రం ఇందులో పెద్ద పాఠం ఉంది. కప్పినది కూడా రూపమే. లోపల ఉన్నదాన్ని దాచి, దాచామని తెలిసేలా ఉంచడం ఎంత కష్టమో గీసి చూస్తే తెలుస్తుంది.

తొట్లకొండ, బొర్రా గుహలు, పాతపోస్టాఫీసు దగ్గర సందులు, షిప్‌యార్డు క్రేన్లు, స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు కూడా ఉన్నాయి. ఫ్యాక్టరీలు అందంగా ఉండవని కొందరంటారు. ఈ ఊరు సగం వాటితోనే పెరిగింది. వాటిని వదిలేసి వేసిన విశాఖ నాకు అబద్ధంలా కనిపిస్తుంది.

మాది చిన్న ఫ్లాట్. బయటికి వెళ్లే టైమ్ లేదు. ఏం వేయాలి?

వంటింటి గట్టు మీద ఉన్నవి వేయండి. ఇటలీలో జార్జియో మొరాండి అనే ఆయన బొలోన్యాలో తన పడకగదిలోనే సీసాలు, కూజాలు, డబ్బాలు అటూ ఇటూ జరుపుకుంటూ దశాబ్దాల పాటు అవే వేశాడు. ఇవాళ ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. మీ ఇంట్లో పోపుల డబ్బా ఉంది కదా. మూత తీసి, పైనుంచి చూసి గీయండి. ఏడు గిన్నెలు, ఏడు రంగులు, ఒక వృత్తం.

వేరేవాళ్ల బొమ్మలు చూసి వేస్తే కాపీ అవుతుందా?

నేర్చుకోవడానికి వేస్తే చదువు. సంతకం పెట్టి అమ్మితే దొంగతనం. మధ్యలో ఇంకేమీ లేదు.

చూసి వేయడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న చదువే. వడ్డాది పాపయ్య గారు వేసిన చందమామ ముఖచిత్రాలను చూసి గీస్తూ చేయి తిప్పుకున్న తరం ఒకటి ఈ ప్రాంతంలో ఉంది. మా నాన్నగారు ఆ తరం మనిషే. పాత అట్టలు దాచి, గళ్లు గీసుకుని, ఒక్కో గడీ నింపేవారు. చీర మడతలు ఎలా పడతాయో నాకు తెలిసింది ఆ గళ్ల కాగితాల వల్లే. డచ్ చిత్రకారుడు వాన్ గో కూడా 1887లో పారిస్‌లో ఉన్నప్పుడు జపాన్ చిత్రకారుడు హిరోషిగే అచ్చుబొమ్మలను నూనె రంగుల్లో మళ్లీ వేసి చూసుకున్నాడు. వాన్ గో చేతిలో అవి వాన్ గో బొమ్మలైపోయాయి. రంగు చిక్కబడింది, గీత గరుకైంది.

కాపీ చేసేటప్పుడు మీ చేయి ఎక్కడ మాట వినలేదో గుర్తుపెట్టుకోండి. మీ సొంత గీత చాలాసార్లు అక్కడే ఉంటుంది.

రంగులు, కాగితం లాంటివి కూడా బొమ్మను మారుస్తాయా?

ఎవరూ అడగరు గానీ అన్నిటికంటే ఎక్కువ అడగాల్సిన ప్రశ్న ఇదే. మనం ఆలోచనకి ఇచ్చినంత గౌరవం సామానుకి ఇవ్వం.

జపాన్‌లో హోకుసాయి వేసిన ఆ పెద్ద అల బొమ్మ మీరందరూ ఏదో ఒక టీషర్టు మీదైనా చూసి ఉంటారు. సుమారు 1831 నాటిది. అప్పటికి ఆయన వయసు డెబ్భై దాటింది. ఆ నీలం ప్రష్యన్ బ్లూ, జర్మనీలో 18వ శతాబ్దం మొదట్లో పుట్టిన కృత్రిమ రంగు. అది జపాన్‌లో చవగ్గా దొరకడం మొదలయ్యాకే అంత చిక్కటి, తేలిగ్గా వెలిసిపోని నీలంతో ఆ అచ్చుబొమ్మలు వచ్చాయి. అల ఆయన చూపులోది, లోతు ఆ రంగుది. శాంతినికేతన్‌లో రామ్‌కింకర్ బైజ్ 1938లో సంతాల్ కుటుంబం శిల్పాన్ని పాలరాతితోనో కంచుతోనో చేయలేదు. సిమెంటులో అక్కడి ఎర్రటి గులకరాళ్లు కలిపి చేశాడు. ఆ గరుకుదనం లేకపోతే ఆ మనుషులు ఆ నేల మీద నడుస్తున్నట్టు ఉండేవారు కాదు.

అంత దూరం ఎందుకు, ఏటికొప్పాక వెళ్లండి. వరాహ నది ఒడ్డున, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. అక్కడి లక్కబొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఒక కళాకారుడి పక్కన పీట వేసుకుని ఒక మధ్యాహ్నమంతా చూశాను. అంకుడు కర్ర ముక్క లేత్ మిషన్ మీద గిర్రున తిరుగుతుంటుంది. రంగు కలిపిన లక్క పుల్లని దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకు మడిచి ఒత్తిపడితే అద్దంలా మెరుపు వస్తుంది. పసుపు నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ. కుంచె లేదు. అందుకే ఆ బొమ్మల రంగులు అడ్డంగా, గుండ్రంగా, పట్టీలుగానే ఉంటాయి. ఆ అందాన్ని మనిషీ మిషనూ కలిసి నిర్ణయించాయి.

మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి ఉక్కలో వాటర్ కలర్ వాష్, అంటే నీళ్లతో పలచగా పరిచిన రంగు, త్వరగా ఆరదు. వానాకాలంలో కాగితం మీద బూజు చుక్కలు వస్తాయి. మొదట్లో చాలా టెన్షన్ పడేదాన్ని. తర్వాత ఆ ఆలస్యాన్నే వాడుకోవడం నేర్చుకున్నాను. తడి మీద తడి వేసి రంగుని పాకనిస్తే, భీమిలి వైపు కమ్ముకునే వాన మబ్బు దానంతట అదే వస్తుంది. కాగితాలు మాత్రం ప్లాస్టిక్ కవర్లో, సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోండి.

బాధ ఉంటేనే మంచి కళ పుడుతుందంటారు. నిజమేనా?

నేను ఒప్పుకోను. వాన్ గో పేరే అందరూ చెబుతారు. ఆయనకి జబ్బు తిరగబెట్టినప్పుడు పని ఆగిపోయేది. బొమ్మలు వేసింది మనసు కుదుటపడిన రోజుల్లో. బాధ పని చేయదు, మనిషి చేస్తాడు. తిండీ నిద్రా మానేసి బొమ్మలు వేస్తామనే పిల్లలకి నేను గట్టిగానే చెబుతాను, ముందు అన్నం తినండని. నిజంగా మనసు బాగోలేకపోతే ఇంట్లోవాళ్లకి చెప్పండి, డాక్టర్ని కలవండి. కుంచె ఎక్కడికీ పోదు.

కానీ జరిగిన నష్టం తర్వాత బొమ్మలోకి వస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మర్నాడు పొద్దున చూస్తే కైలాసగిరి కొండ గోధుమ రంగులో ఉంది, కాలిపోయినట్టు. గాలికి ఆకులన్నీ రాలిపోయాయి. మా వీధిలో నలభై ఏళ్ల రావిచెట్టు వేళ్లతో సహా పడి ఉంది. దాని వేర్ల మధ్య ఇటుక ముక్కలు, ఎవరిదో గాజు, ఒక సీసా మూత ఉన్నాయి. కరెంటు లేని ఆ రోజుల్లో నీళ్లు మోయడం, చెత్త ఎత్తడమే సరిపోయింది. ఒక్క గీత గీయలేదు. ఏడాదిన్నర తర్వాత ఒక రోజు బొగ్గుతో ఏదో గీస్తుంటే ఆ వేర్లు వచ్చాయి. గాజు కూడా వచ్చింది.

డబ్బు కోసం వేస్తే ప్రేరణ చచ్చిపోతుందా?

అలా అయితే మన ఊరి గొప్ప పనితనం పుట్టేదే కాదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పెట్టెలు, బల్లలు, అద్దాల ఫ్రేములు చాలా పేరు మోసినవి. ఏనుగు దంతం పలకల మీద సన్నటి గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కొన్నవాళ్లు ఎక్కువగా ఈస్ట్ ఇండియా కంపెనీ దొరలు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆకారం దొరలు అడిగినదే. పూల తీగ మాత్రం మన అద్దకం బట్టల తీరుది.

నాకు చేదు అనుభవం ఒకటుంది. ఒక హోటల్‌కి ఎనిమిది సముద్రాలు వేసి ఇచ్చాను. ప్రతిదానికీ ఇంకా నీలం కావాలన్నారు. ఆఖరికి మూడు తీసుకుని, మిగతా వాటికి డబ్బులివ్వలేదు. అప్పటి నుంచి సగం అడ్వాన్సు చేతికి వచ్చాకే కాన్వాస్ బిగిస్తాను, ఎన్ని మార్పులు చేస్తానో ముందే కాగితం మీద రాసిస్తాను. డబ్బు ప్రేరణని చంపదు. ఇంకెన్నిసార్లు మార్చమంటారో తెలియకపోవడం చంపుతుంది.

ఫొటో చూసి వేయొచ్చా? ఏఐ సంగతేంటి?

ఫొటో చూసి వేయండి, కానీ మీరు తీసిన ఫొటో అయితే మంచిది. ఆ చోట నిలబడ్డారు కాబట్టి ఫొటోలో లేనిది, గాలి, వాసన, కాళ్ల కింద ఇసుక వేడి, మీకు గుర్తుంటుంది. ఏఐ బొమ్మ చూసి వేస్తే అలా గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. నా అభ్యంతరం అంతే.

నాకు యాభై దాటాయి. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టండి. 1861లో పుట్టిన రవీంద్రనాథ్ ఠాగూర్ అరవైలు దాటాకే బొమ్మల మీద గట్టిగా కూర్చున్నారు. రాతప్రతుల్లో కొట్టివేతలను గీతలతో కలుపుతూ పోతే అవి పక్షులు, జంతువులు, ముఖాలు అయ్యాయి. 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. మా క్లాసులో ఉన్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన అంకెలు రాసిన చేత్తోనే గీతలు గీస్తారు. అంత సన్నటి, అంత నిలకడైన గీత నాకు కూడా రాదు.

మా పిల్లవాడు బొమ్మలు బాగా వేస్తాడు. ఎలా ప్రోత్సహించాలి?

"బాగుంది" అని వదిలేయకండి, అడగండి. ఇది ఎవరు? ఇక్కడ ఎరుపు ఎందుకు పెట్టావు? రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావుని ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే గారు గుర్తించి ప్రోత్సహించారు, రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివారు. 1897లో పుట్టి 1925లో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే ఆంధ్రుల చిత్రకళకి ఒక దారి వేశారు. ఆ కుర్రాణ్ణి పట్టించుకున్న పెద్ద మనిషి ఒకరున్నారు. మీ ఇంట్లో ఆ మనిషి మీరే కావచ్చు. ఇక పోటీలకి తిప్పడం తగ్గించండి.

ఎంత కూర్చున్నా ఏమీ రాకపోతే ఏం చేస్తారు?

కూర్చోను. బ్రష్‌లు కడుగుతాను, కాన్వాస్‌కి ప్రైమర్ కొడతాను, పాత స్కెచ్ బుక్‌లు తిరగేస్తాను. గోడల మీది మరకల్లోకి చూస్తే కొండలు, నదులు, యుద్ధాలు కనిపిస్తాయని లియోనార్డో డా విన్సీ తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. మన డాబా గోడల మీద వానాకాలం పోయాక మరకలకి కొదవ లేదు. నేను నిజంగానే చూస్తాను. అప్పటికీ రాకపోతే మర్నాడు చూద్దామని వదిలేస్తాను.

ఇప్పుడు మీరు ఏం వేస్తున్నారు?

ఒక గడప. వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర పాత పెంకుటిల్లు. ప్రతి శుక్రవారం ఆ ఇంటి పెద్దావిడ గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. పసుపు మీద పసుపు పడి, మధ్యలో కాళ్లు తగిలే చోట అరిగి, కర్ర నల్లగా బయటపడింది. రెండు అంచుల్లో మాత్రం పసుపు దళసరిగా, వెన్నలా పేరుకుంది. ఇప్పటికి పదకొండు శుక్రవారాలు వెళ్లాను. పదకొండు స్కెచ్‌లు అయ్యాయి. ఆరిపోయిన పసుపే పట్టుబడింది గానీ, రాసిన వెంటనే ఉండే ఆ తడి రంగు నాకింకా చిక్కలేదు. పోయినవారం ఆవిడ గుమ్మంలో నిలబడి, "నువ్వు వచ్చేసరికి ఆరిపోతోందమ్మా. ఈసారి ఇంకా పెందలాడే రా, నీకోసం కాసేపు ఆగి రాస్తాను" అన్నారు. ఐదింటికల్లా అక్కడ ఉండాలి.